ఇరవై మూడో బొమ్మ కింద నా వాక్యం

ఈ మధ్య మా చెల్లెలి మనవరాలు అమెరికాలో పిస్కాటవే నుంచి ఫోన్ చేసింది. "అమ్మమ్మా, నాకు జాబ్ వచ్చింది. పిల్లల వీడియోలకి స్క్రిప్ట్ చెక్ చేయాలి. నువ్వు కూడా ఇదే చేసేదానివట కదా, ఏవైనా టిప్స్ చెప్పు" అంది.

టిప్స్ అట, నా మొహం! పదకొండేళ్ళు చేశాను ఆ పని. వచ్చింది ఒక్క ప్రమోషను, దాంతో కుర్చీ మారింది తప్ప ఇంకేమీ మారలేదు. కాబట్టి ఆ సంగతులు వదిలేస్తాను. చెప్పాల్సింది ఒకే ఒక్క వాక్యం గురించి. అది నేనే రాశాను. దాని వల్ల మార్టీ అనే పెద్దాయన తన మనవరాలి ముందు తలెత్తుకోలేని పరిస్థితి దాకా వచ్చింది. అది రాసింది నేనేనని ఆయనతో చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఇది చదివి నన్ను నాలుగు తిట్టుకున్నా ఫరవాలేదు.

ఉద్యోగం ఎలా వచ్చిందంటే

మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. డెబ్భైల చివర మేం మిషిగన్‌లో ట్రాయ్ దగ్గర ఉండేవాళ్ళం. నేను వాల్తేరులో హిస్టరీ ఎమ్మే చేసి వచ్చి, అపార్ట్‌మెంట్ కిటికీలోంచి మంచు చూస్తూ కూచునేదాన్ని. పేపర్లో ప్రకటన చూశాను. స్కూళ్ళకీ చర్చిలకీ పాఠాల బొమ్మలు తయారుచేసే కంపెనీలో స్క్రిప్టు సరిచూసే మనిషి కావాలట. కార్పెట్ గోడౌన్ మీద రెండు గదులు, అదే ఆఫీసు. ఓనరు పేరు కెల్సో. ఎర్రటి మొహం, ఎప్పుడూ చేతిలో స్టాప్‌వాచీ.

"ఇండియా అంటే జెరూసలేంకి దగ్గరే కదా?" అని అడిగాడు.

"దగ్గరేనండీ" అన్నాను. ఉద్యోగం కావాలి మరి.

"మీరు క్రిస్టియన్ ఎప్పుడయ్యారు?"

"నేను కాదండీ, మా ముత్తాత అయ్యాడు."

ఆయన మొహంలో నిరాశ చూడాలి! నా పేరు సువార్త అని చెప్పాను. రెండు సార్లు పలికి చూసి, "సూ అంటాను, ఏమనుకోకండి" అన్నాడు. ఇంక పదకొండేళ్ళూ నేను సూనే.

నిజానికి ఈ పనికి నాకంటే తగినవాళ్ళు ఉండరు. గుంటూరు జిల్లాలో మా ఊళ్ళో లూథరన్ వీధి ఒకటి, బాప్టిస్టు వీధి ఒకటి. మేం లూథరన్లం. మా మేనత్త బాప్టిస్టుల అబ్బాయిని చేసుకుందని మా నాన్న రెండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. బాప్తిస్మం ఇచ్చేటప్పుడు తల మీద నీళ్ళు చిలకరించాలా, మనిషిని నిండా ముంచాలా అన్నదే గొడవ. ఇద్దరూ ఒకే బావి నీళ్ళు తాగేవాళ్ళు, అది వేరే సంగతి.

ఒక బొమ్మకి నాలుగు మాటలు

ఫిల్మ్‌స్ట్రిప్ అంటే ఇప్పటివాళ్ళకి తెలియదు. సినిమా కాదు. చిన్న రీలు మీద వరసగా నలభై బొమ్మలుంటాయి, కదలవు మెదలవు. దాన్ని ప్రొజెక్టర్లో పెట్టి, పక్కన క్యాసెట్ వేస్తారు. క్యాసెట్లో ఒక గొంతు ఆ బొమ్మ గురించి చెప్పి, చివర 'బీప్' అంటుంది. బీప్ వినగానే ఎవరో ఒకరు ప్రొజెక్టర్ బుడిపె తిప్పాలి. తర్వాతి బొమ్మ వస్తుంది. స్కూళ్ళలో ఆ బుడిపె తిప్పే ఛాన్సు కోసం పిల్లలు కొట్టుకు చచ్చేవాళ్ళు. ఒక్క బీప్ దగ్గర తప్పు చేశారా, ఇంక చివరిదాకా మాట ఒకటి, బొమ్మ ఒకటి.

నేను చేరిన మొదటి ఏడే కెల్సోకి ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. తొలి క్రైస్తవుల మీద ఒకే రీలు చేద్దాం, దానికి నాలుగు క్యాసెట్లు చేద్దాం అన్నాడు. కేథలిక్కులకి ఒకటి, బాప్టిస్టులకి ఒకటి, లూథరన్లకి ఒకటి, మామూలు స్కూళ్ళకి చరిత్ర పాఠంగా ఒకటి. "బొమ్మలు గీయడానికి ఏడాది పడుతుంది సూ, మాటలు మార్చడానికి ఒక మధ్యాహ్నం చాలు" అన్నాడు.

నలుగురు సలహాదారుల్ని పెట్టాడు. ఒక కేథలిక్ ఫాదర్, ఒక బాప్టిస్టు పాస్టర్, ఒక లూథరన్ టీచరమ్మ, ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్. ప్రతి పేజీ అడుగున నాలుగు గళ్ళు. నాలుగు సంతకాలు పడితేనే ఆ పేజీ రికార్డింగ్‌కి వెళ్తుంది. సంతకాలు పడ్డాక ఒక్క మాట మార్చాలన్నా మళ్ళీ నలుగురూ సంతకం చేయాలి. ఇదీ రూలు.

ఇంక చూసుకోండి నా అవస్థ. తొమ్మిదో బొమ్మలో మరియమ్మ, ఆమె వెనక నలుగురు పిల్లలు ఉన్నారు. ఆ పిల్లలెవరు? కేథలిక్కుల లెక్కన మరియమ్మకి యేసు ఒక్కడే, కాబట్టి వాళ్ళ క్యాసెట్లో "యేసు బంధువుల పిల్లలు". బాప్టిస్టు క్యాసెట్లో "యేసు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు". లూథరన్ క్యాసెట్లో "పిల్లలు". స్కూలు క్యాసెట్లో "ఆనాటి ఒక కుటుంబం". అవే మొహాలు, అవే చెప్పులు!

పద్నాలుగో బొమ్మ బాప్తిస్మం. నీళ్ళు ఎంత లోతుండాలన్న దాని మీద ఆరు వారాలు ఉత్తరాలు నడిచాయి. పాస్టర్ మెడ దాకా అంటాడు. టీచరమ్మ చీలమండ దాకా చాలంటుంది. చివరికి మా ఆర్టిస్టు విసిగిపోయి మనిషి నడుం చుట్టూ పొగమంచు వేసేశాడు. యొర్దాను నదిలో పొగమంచు! అందరూ సంతకం చేశారు.

చుక్కల గీతలు

వీళ్ళ ముగ్గురి సంగతి ఒక ఎత్తు, ప్రొఫెసర్ సంగతి ఒక ఎత్తు. మొదటి మీటింగ్‌లోనే ఆయన, "తొలి క్రైస్తవులు అంటున్నారే, ఏ క్రైస్తవులు?" అన్నాడు.

"ఎంతమంది ఉన్నారండీ?" అంది టీచరమ్మ భయంగా.

ఆయన మొదలుపెట్టాడు. కొంతమంది యేసును నమ్మి, యూదుల ధర్మశాస్త్రం మొత్తం పాటించారట. సున్నతి, శనివారం విశ్రాంతి, పంది మాంసం ముట్టకపోవడం, అన్నీ. వాళ్ళ లెక్కన యేసును నమ్మడమంటే ఇంకా మంచి యూదుడు కావడం. కొంతమంది దానికి పూర్తిగా తలకిందులు. యూదుల దేవుడు వేరు, యేసు తండ్రి వేరు, ఆ పాత పుస్తకాలన్నీ అవతల పారేయండి అన్నారట. మరికొంతమంది, దేవుడిలోంచే ముప్పై దివ్యశక్తులు వరసగా పుట్టుకొచ్చాయన్నారు. ఇంకొందరు యేసుకి అసలు శరీరమే లేదు, ఉన్నట్టు కనిపించాడంతే అన్నారు. అందరూ మేమే అసలైన క్రైస్తవులం, మిగతావాళ్ళు దొంగలు అన్నారు.

నాకు పెద్దగా ఆశ్చర్యం వేయలేదు. మా ఊళ్ళో రెండు వీధులు, అక్కడ నాలుగు వీధులు, అంతేగా!

పాస్టర్ మాత్రం లేచి నిలబడ్డాడు. ఫాదర్ కళ్ళు మూసుకున్నాడు. కెల్సో స్టాప్‌వాచీ నొక్కి, "వీళ్ళందరికీ కలిపి ఒక బొమ్మ ఇస్తాను. ఇరవై సెకన్లు" అన్నాడు.

ఆర్టిస్టు వచ్చి అడిగాడు, "శరీరం లేకుండా ఉన్నట్టు కనిపించే మనిషిని ఎలా గీయాలి?"

"చుక్కల గీతలతో గీయి" అన్నాడు కెల్సో.

గీశాడండీ బాబూ! గలిలయ సముద్రం ఒడ్డున, చుట్టూ జాలర్లు, మధ్యలో చుక్కల గీతల యేసు. చుక్కలు కలిపి బొమ్మ పూర్తిచేయండి అని పిల్లల పత్రికలో ఇస్తారే, అచ్చం అలాగే ఉంది. ఆ బొమ్మ చూసి నలుగురూ నాలుగు రకాల కేకలు పెట్టారు. చివరికి దాని స్థానంలో కొండ మీద గొర్రె ఒకటి వచ్చింది, కింద మాట "కొందరు మరో విధంగా అనుకున్నారు." రెండు వందల ఏళ్ళ గొడవంతా ఆ గొర్రె నెత్తిన పడింది. ప్రొఫెసర్ ఏడుపు మొహంతో సంతకం చేశాడు.

నలుగురూ మెచ్చిన మాట

ఇరవై మూడో బొమ్మ ఒక గుంపు. నల్లటి కనుబొమలు, వంకర ముక్కులు, పైకెత్తిన పిడికిళ్ళు. యేసును చంపమని అరుస్తున్నారు. దాని కింద మాట రాయాల్సింది నేను. ఆ సాయంత్రం ఎనిమిది బొమ్మలు పూర్తిచేయాలి. మా ఆయన కింద కార్లో హారన్ కొడుతున్నాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాసిపడేశాను: "యూదులు ఆయన్ని కాదన్నారు. వాళ్ళే ఆయన్ని చంపించారు."

ఎక్కడిదా మాట? మా అమ్మ సండే స్కూల్లో నేర్పింది. ఆమె ప్రశ్న అడిగేది, మేం గొంతెత్తి జవాబు చెప్పేవాళ్ళం, చెప్పినవాళ్ళకి పిప్పరమెంటు బిళ్ళ. మంచి శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే నాటకంలో ఆ గుంపు వేషం నేనూ కట్టాను. మా నాన్న లుంగీ, జనపనార గడ్డం. అప్పటికి నేను ఒక్క యూదుణ్ణి కూడా చూసి ఉండలేదు. మా జిల్లా మొత్తంలో చూసినవాళ్ళెవరు? మాకు యూదులంటే కథలో వాళ్ళు, అంతే.

ఆ పేజీ వారం తిరక్కుండా వెనక్కి వచ్చింది. నాలుగు గళ్ళలో నాలుగు సంతకాలు, ఒక్క దిద్దుబాటు లేదు. పిల్లల చెప్పుల మీద కూడా వ్యాఖ్యానం రాసిన మనుషులు, ఈ పేజీని నవ్వుతూ పంపారు. నాలుగు క్యాసెట్లలోనూ ఒకేలా ఉన్న వాక్యం అదొక్కటే. నేను ఆ కాగితం పట్టుకుని ఆఫీసంతా తిరిగాను. కెల్సో నా భుజం తట్టి, "చూశావా, అందరికీ నచ్చేలా రాయొచ్చు" అన్నాడు.

ఇప్పుడు చెబుతున్నాను విను తల్లీ. అన్నిటి మీదా కొట్టుకునేవాళ్ళు ఒక్క మాట మీద ఏకమయ్యారంటే, ఆ మాట ఎవరికి తగులుతుందో ఆ మనిషిని ఎవరూ అడగలేదని అర్థం. ప్రొఫెసర్‌ని నేను తర్వాత నిలదీశాను. ఆయనకి అన్నీ తెలుసు. "గొర్రె బొమ్మ మీద పోట్లాడుతూ ఆ పేజీ సరిగ్గా చూడలేదు సూ" అన్నాడు. తెలియని నా తప్పుకి ఒక సాకుంది. తెలిసినాయన తప్పుకి అదీ లేదు. ఈ మాట ఆయన ముఖం మీదే అన్నాను.

మార్టీ

నాలుగు క్యాసెట్లలో ఉన్న గొంతూ ఒక్కటే, మార్టీది. అరవై దాటిన మనిషి. డెట్రాయిట్ రేడియోలో ముప్పై ఏళ్ళు చేసి వచ్చాడు. యూదుడు. కేథలిక్ క్యాసెట్లో ఆయన గొంతు వింటే మోకరించాలనిపించేది, బాప్టిస్టు క్యాసెట్లో వింటే నదిలో దూకాలనిపించేది. నన్ను కూతుర్ని చూసినట్టు చూసేవాడు. నా గోంగూర పచ్చడి బ్రెడ్ మీద రాసుకుని తిన్న ఏకైక అమెరికన్ ఆయన.

అక్టోబరులో రికార్డింగ్. గాజు అద్దం అవతల ఆయన, ఇవతల నేను. ఇరవై మూడో మాట కేథలిక్ క్యాసెట్‌కి చదివాడు. బాప్టిస్టుకి చదివాడు, లూథరన్‌కి చదివాడు. స్కూలు క్యాసెట్ దగ్గర ఆగాడు.

"సూ, ఇది ఏ స్కూళ్ళకి వెళ్తుంది?"

నేను జాబితా చూసి చెప్పాను. ఆయన మనవరాలు రేచల్ చదివే స్కూలు అందులో ఉంది. రేచల్‌కి పదకొండేళ్ళు. వాళ్ళ టీచరు, మా పిల్ల తాతగారి గొంతు మా క్లాసులో వినిపిస్తాం అని ముచ్చటపడి మరీ ఆర్డరు పెట్టిందట.

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత చదివాడు. తప్పులేకుండా, మొదటిసారికే చదివాడు. బయటికి వచ్చి కోటు వేసుకుంటూ, "ఈ బొమ్మల్లో యేసుకి బంగారు జుట్టు. పేతురుకి నీలం కళ్ళు. వీళ్ళంతా ఎవరు? స్వీడన్ వాళ్ళా?" అన్నాడు.

నాకు అప్పుడు కళ్ళు తెరుచుకున్నాయి. హిస్టరీ ఎమ్మే నేను! యేసు యూదుడు, వాళ్ళమ్మ యూదురాలు, పన్నెండు మంది శిష్యులూ యూదులే. నలభై బొమ్మల్లో యూదులు కిక్కిరిసి ఉన్నారు. మేం మాత్రం ఒక్క బొమ్మలో అరిచేవాళ్ళకే ఆ పేరు పెట్టాం. సిగ్గుతో చచ్చిపోయాను.

"ప్రొఫెసర్ చెప్పాడన్నావుగా, యూదుల పుస్తకాలు పారేయాలన్న వాళ్ళని చర్చి వెళ్ళగొట్టిందని" అన్నాడు మార్టీ. "పుస్తకాలు ఉంచుకున్నారు, మమ్మల్ని తిట్టడం మాత్రం మానలేదు. ఇల్లు బాగుంది, మేం ఉంచుకుంటాం, కట్టిన మీరు బయటికి నడవండి అన్నట్టు." ఆ తర్వాత, "ఇది రాసింది ఆ పాస్టరే అయ్యుంటాడు" అన్నాడు.

నేను "ఊఁ" అన్నాను.

ఆ ఒక్క 'ఊఁ' నా జీవితంలో నేను చేసిన నీచమైన పనుల్లో ఒకటి. పాపం, పాస్టర్‌కి ఆ వాక్యంతో ఏ సంబంధం లేదు. నలుగురిలోకీ మంచివాడు కూడా ఆయనే.

చేతులు కాలాక

మార్టీ అడిగింది ఒక్కటే. రేచల్ క్లాసులో ఆడేలోపల ఆ వాక్యం మారాలి. "నా గొంతుతో ఆ పిల్ల ఆ మాట వినకూడదు సూ. ఇంకెవరి గొంతైనా ఫరవాలేదు. అది పుట్టినప్పట్నుంచీ నా గొంతుతోనే కథలు విని నిద్రపోయింది" అన్నాడు.

కెల్సో దగ్గరికి వెళ్ళాను. "ఒక్క దిద్దుబాటు లేకుండా నాలుగు సంతకాలు పడ్డ ఒకే ఒక్క వాక్యం, దాన్ని ముట్టుకుంటావా?" అని గుండె పట్టుకున్నాడు. రూలు ప్రకారం మళ్ళీ నలుగురికీ పంపించమన్నాడు.

పంపాను. "యేసును రోమన్ గవర్నరు సిలువ వేయించాడు. ఆ ఊళ్ళో కొందరు దానికి సరేనన్నారు, చాలామంది ఏడ్చారు" అని రాశాను. జవాబులు వచ్చేసరికి క్రిస్మస్ అయిపోయింది. ఫాదర్ 'చాలామంది' అన్నది ఎంతమంది అని అడిగాడు. టీచరమ్మ పిల్లలకి రెండు వాక్యాలు బరువవుతాయి అంది. పాస్టర్, ఏడ్చిన ఆడవాళ్ళని వేరే బొమ్మలో వేయమన్నాడు. ప్రొఫెసర్ పదకొండు పేజీలు పంపాడు, పన్నెండోది వస్తోందని కవరు మీద రాశాడు. ఈలోగా పాత క్యాసెట్లు డబ్బాల్లోకెక్కి స్కూళ్ళకి వెళ్ళిపోయాయి.

ఫిబ్రవరిలో మార్టీ ఫోన్ చేశాడు. "రేపు పొద్దున మొదటి పీరియడ్‌లో వేస్తున్నారట. నేను వెళ్ళి ఆ ఒక్క బొమ్మ దాటేయమని టీచర్ని అడుగుతాను. నా కారు మంచులో కూరుకుపోయింది" అన్నాడు.

"నేను తీసుకెళ్తాను" అన్నాను. నాకు లైసెన్సు వచ్చి ఆరు వారాలైంది.

స్కూల్ బస్సు వెనక

అమెరికాలో స్కూల్ బస్సు ఆగి ఎర్ర దీపాలు వెలిగిస్తే వెనకున్న కార్లన్నీ ఆగాల్సిందే. దాటితే పోలీసులు పట్టుకుంటారు. నా ఖర్మకి మా ముందు ఒక పసుపుపచ్చ బస్సు పడింది. ప్రతి మలుపులోనూ ఆగుతుంది. ఒక పిల్ల ఎక్కుతుంది. ఆ పిల్ల తల్లి పరిగెత్తుకొచ్చి మర్చిపోయిన గ్లవ్‌లు ఇస్తుంది. బస్సు కదులుతుంది. వంద గజాలకి మళ్ళీ ఆగుతుంది.

"ఈ బస్సు ఏ స్కూలుకి వెళ్తోంది?" అన్నాను పళ్ళు నూరుతూ.

మార్టీ అద్దం తుడిచి చూశాడు. "మనం వెళ్ళే స్కూలుకే" అన్నాడు.

"అయితే బాధ లేదు. ఈ పిల్లలు వెళ్ళకుండా క్లాసు మొదలవదుగా."

"ఇవి ఒకటో తరగతి పిల్లలు సూ. ఆరో తరగతి ముందే మొదలవుతుంది."

దార్లో ఆయన పాస్టర్ని ఇంకో నాలుగు తిట్టాడు. నేను స్టీరింగ్ పట్టుకుని రోడ్డు వంకే చూశాను. మేం స్కూల్లోకి అడుగుపెట్టేసరికి కారిడార్ చివర గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. నవ్వులంటే అలాంటిలాంటివి కాదు, బెంచీలు గుద్ది మరీ నవ్వుతున్నారు. మార్టీ మొహం తెల్లబోయింది.

టీచరు బయటికి వచ్చింది. వయసులో చిన్నది, జుట్టు రేగిపోయి ఉంది. "మీరేనా ఫిల్మ్‌స్ట్రిప్ కంపెనీ? మీ బీప్ పాడైపోయింది. ఇరవై మూడు నుంచి అన్నీ తప్పే. ప్రేమగా రొట్టె పంచుకున్నారు అని టేపు చెబుతుంటే తెర మీద సింహాలు! సింహాలకి వేశారు అంటుంటే ఒక లావుపాటి బిషప్పు!"

ఆమె వెనకాల రేచల్ వచ్చింది. సన్నటి పిల్ల, పళ్ళకి తీగలు. తాతని చూడగానే తల వంచుకుంది.

"బుడిపె తిప్పింది నేనే తాతా" అంది. "తాతగారి గొంతు కాబట్టి నువ్వే తిప్పమ్మా అంది టీచరు."

"బీప్ వినపడలేదా?" అన్నాడు మార్టీ.

"బీప్ రాకముందే తిప్పేశాను." తాత కోటు బొత్తాం పట్టుకుంది. "నీకు ఇష్టం లేనిది చదివేముందు ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తావు. ఇంట్లో కరెంటు బిల్లు చదివేటప్పుడు అలాగే చేస్తావు. టేపులో అలా పీల్చావు. ఆ బొమ్మలో వాళ్ళందరూ కోపంగా ఉన్నారు. తిప్పేస్తే నువ్వు అది చదవక్కర్లేదనుకున్నాను."



"కానీ నువ్వు చదివేశావు" అంది రేచల్. "అప్పటికి తెర మీదకి తర్వాతి బొమ్మ వచ్చేసింది. బంగారు జుట్టు వాళ్ళు గదిలో కూచుని ప్రార్థన చేస్తారే, అది. యూదులు, వాళ్ళే ఆయన్ని చంపించారు అన్నావు. వెనక బెంచీ వాడు, వీళ్ళా యూదులు, వీళ్ళు చర్చి వాళ్ళలా ఉన్నారే అన్నాడు."

టీచరు ఎర్రబడింది. "నేను టేపు ఆపి, కాదు, వీళ్ళు యేసు స్నేహితులు అని చెప్పాను. టేపులో యూదులు అన్నారుగా అని అడిగారు. వీళ్ళు కూడా యూదులే అన్నాను. మరి ముందు బొమ్మలో వాళ్ళు? వాళ్ళూ యూదులే. మరి యేసు?" ఆమె చేతులెత్తేసింది. "ఏం చెప్పను? ఉన్నమాట చెప్పాను. ఇందులో అందరూ యూదులే, కొంతమంది నమ్మారు, కొంతమంది నమ్మలేదు, చంపింది రోమ్ వాళ్ళు అన్నాను. ఆ తర్వాత టేపు వేస్తే సింహాలొచ్చాయి. ఇంక ఎవరు వింటారు?"

మార్టీ మోకాళ్ళ మీద కూచుని ఆ పిల్లని పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. టీచరూ నేనూ గోడకి అంటించిన వాతావరణం చార్టు చదువుతూ నిలబడ్డాం.

కార్లో

తిరిగి వచ్చేటప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నాడు. సింహాలు, రొట్టె, బిషప్పు అని మళ్ళీ మళ్ళీ అనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఇంక నా వల్ల కాలేదు. ఒక కిరాణా కొట్టు ముందు కారు ఆపేశాను.

"మార్టీ, ఆ వాక్యం పాస్టర్ రాయలేదు. నేను రాశాను."

"తెలుసు" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి. ఆ నలుగురిలో ఎవడు రాసినా మిగతా ముగ్గురూ సంతకం చేస్తారా?"

"మరి నాలుగు నెలలుగా నా ముందు పాస్టర్ని ఎందుకు తిట్టారు?"

"నువ్వు ఎన్ని తిట్ల దాకా ఓర్చుకుంటావో చూద్దామని" అన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు. "చాలానే ఓర్చుకున్నావు సూ."

అంతకంటే గట్టి దెబ్బ నన్ను ఎవరూ కొట్టలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన ఊరుకోమనలేదు. ఏడుపు ఆగాక, "రేపు ఎనిమిదింటికి స్టూడియోలో ఉంటాను, ఏం చదవాలో రాసి పట్టుకురా" అన్నాడు.

రేచల్ చెప్పింది విని కూడా ఆ టీచరు కావాలనే రాసిన కంప్లయింట్ ఉత్తరం వారంలో వచ్చింది, బీప్ తప్పుగా ఉందని. కెల్సో హడలిపోయాడు. మా రూల్లో మాట మార్చడానికి నాలుగు సంతకాలు కావాలి కానీ, బీప్ సరిచేయడానికి ఒక్కటీ అక్కర్లేదు. నేను 'బీప్ కరెక్షన్' అని ఫారం నింపి, స్కూలుకి వెళ్ళొచ్చిన మర్నాడే మార్టీ చదివి పెట్టిన రికార్డింగ్‌తో స్కూలు క్యాసెట్ మళ్ళీ చేయించాను. బీప్ ఉన్నచోటే ఉంది. దాని ముందు మార్టీ, "ఈ గుంపులో వాళ్ళూ యూదులే, ఏడుస్తున్నవాళ్ళూ యూదులే, సిలువ మీద ఉన్నాయనా యూదుడే. చంపించింది రోమన్ గవర్నరు" అని చదివాడు. ఆ క్యాసెట్ విని సరిచూడమంటే కెల్సో చివరిదాకా బీపులు మాత్రం లెక్కపెట్టి, బాగున్నాయన్నాడు.

మిగతా మూడు క్యాసెట్ల మీద ఎవరూ కంప్లయింట్ చేయలేదు. వాటి బీపులు సరిగ్గానే ఉన్నాయన్నాడు కెల్సో. కంపెనీ మూతపడేదాకా అవి అలాగే చర్చిలకి వెళ్ళాయి, మార్టీ గొంతుతో, నా వాక్యంతో.